తాతగారి వయసు సవరణ

మనిషికి చావు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. కంప్యూటర్‌కి ఎప్పుడొస్తుందో మాత్రం సర్క్యులర్‌లో ముందుగానే తెలియజేస్తారు, కింద సంతకం కూడా పెడతారు. నాగరికత అంటే ఇదేనని నా అభిప్రాయం. (నా అభిప్రాయం ఎవరూ అడగలేదు. జనన మరణాల నమోదు కార్యాలయంలో మూడో కిటికీ దగ్గర కూర్చునే గుమస్తాని అభిప్రాయం అడిగే పద్ధతి ఇంకా అమల్లోకి రాలేదు.)

సదరు సర్క్యులర్ కంప్యూటర్ల అర్హతా నిర్ధారణ మండలి నుంచి వచ్చింది. కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివితే నాకు బోధపడింది ఇదీ. వచ్చే సోమవారం నుంచి అన్ని కార్యాలయాల కంప్యూటర్లూ కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌లోకి మారాలి. ఎనిమిదేళ్ళు దాటిన కంప్యూటర్లు అందుకు అర్హమైనవి కావు. అర్హత లేని కంప్యూటర్‌లో కొత్త సిస్టమ్ ఎక్కించినవారిపై చర్య తీసుకుంటారు. ఎక్కించనివారిపై కూడా చర్య తీసుకుంటారు. కొత్త కంప్యూటర్లు ఇవ్వరు. ధ్రువపత్రాలు చేత్తో రాసిచ్చే పాత అలవాటు అదే రోజు నుంచి రద్దు. ఇంత సహకరించినందుకు ముందస్తు ధన్యవాదాలు.

మా కిటికీలో ఉన్న కంప్యూటర్‌ని ఆఫీసంతా తాతగారు అని పిలుస్తుంది. వయసు పదకొండు. స్విచ్ వేయగానే ముందు ఒక నిట్టూర్పు విడుస్తారు, తర్వాత లోపలి ఫ్యాను గొంతు సవరించుకుంటుంది, ఆ తర్వాత తెర వెలుగుతుంది. ఈలోగా నేను టీ తాగేస్తాను. అటెండరు గ్లాసు కడిగేస్తాడు. అయితేనేం, ఒక్కసారి లేచి కూర్చున్నారంటే సాయంత్రం దాకా విసుగూ విరామం లేకుండా పనిచేస్తారు. కవలల్ని ఎప్పుడూ కలగాపులగం చేయలేదు. ఒకసారి పైకప్పు కారి నెత్తిన నీళ్ళు పడితే, గుడ్డపెట్టి తుడవగానే ఏమీ జరగనట్టు తర్వాతి పుట్టుకకి వెళ్ళిపోయారు. నాకైతే మా ఆఫీసులో ఆయన మీద ఉన్నంత గౌరవం ఇంకెవరి మీదా లేదు.

పక్కనే రెండో కిటికీలో ఉన్న కంప్యూటర్‌కి ఆరేళ్ళే. కొన్నరోజున దాని మీదున్న ప్లాస్టిక్ కవరు ఇప్పటికీ తీయలేదు. దానికి అన్ని అర్హతలూ ఉన్నాయి. కాకపోతే అది మరణాలకు మాత్రమే పనిచేస్తుంది. జననాలు అందులో తెరుచుకోవు. పుట్టినట్టు కాగితం కావాలంటే ముందు చచ్చిపోయి రావాలన్నమాట.

సోమవారం పొద్దున్న తాతగారిని లేపాను. నిట్టూర్చారు, గొంతు సవరించుకున్నారు, వెలిగారు. తెర మీద ఇలా ఉంది:

‘ఈ పరికరం అర్హత కలిగినది కాదు. దయచేసి కొత్త పరికరంతో ప్రయత్నించండి.’

వరసలో అందరికంటే ముందు నిలబడ్డావిడ లైబ్రరీలో పుస్తకాలు సర్దుతుంది. ఏళ్ళ తరబడి టెంపరరీగానే సర్దుతోంది. ఇప్పుడు అదే లైబ్రరీలో, అదే పనికి, పర్మనెంటు పోస్టు పడింది.

"బర్త్ సర్టిఫికెట్ కావాలి సార్. శుక్రవారం సాయంత్రం ఐదింటికి అప్లికేషన్లు తీసుకోవడం ఆపేస్తారట. ఈసారి తప్పిపోతే నాకు ఏజ్ లిమిట్ దాటిపోతుంది. ఇంక ఎప్పటికీ పెట్టుకోవడానికి ఉండదు" అంది.

"ఒక్క నిమిషం ఆగమ్మా. తాతగారికి బాగోలేదు."

"అయ్యో! మరి ఇంటికెళ్ళకుండా ఇక్కడ కూర్చున్నారేంటి సార్?"

"ఆయన ఉండేది ఇక్కడేనమ్మా" అని తెర ఆవిడ వైపు తిప్పాను.

ఆవిడ చదివింది. "నాలాగే వయసు దాటిందన్నమాట" అని చిన్నగా నవ్వింది. అప్పటికింకా నవ్వడానికి నాలుగు రోజుల వ్యవధి ఉంది.

మండలివారి సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. ముందు ఒక పాట వినిపించారు. ఆ పాట మీద నాకిప్పుడు మంచి పట్టుంది, ఎవరైనా పెళ్ళికి పిలిస్తే పాడగలను. చివరికి ఒక కుర్ర గొంతు పలికింది.

"మీ సిస్టమ్ వయసెంత సార్?"

"పదకొండు."

"అయితే అప్‌గ్రేడ్ చెయ్యకూడదు సార్."

"చెయ్యకపోతే?"

"చెయ్యాలి సార్."

"చెయ్యాలా, చెయ్యకూడదా నాయనా?"

"రెండూ సార్. నా సమాధానం మీకు తృప్తిగా ఉంటే ఒకటి నొక్కండి."

ఒళ్ళు మండి తొమ్మిది నొక్కాను. మళ్ళీ పాట వచ్చింది.

ఇక విషయం ఆఫీసరుగారి గదికి చేరింది. మా ఆఫీసరుగారు ఇంతవరకు ఏ ఫైలు మీదా అవునని గానీ కాదని గానీ రాసి ఎరగరు. ‘చర్చించండి’ అని రాస్తారు. (ఒకసారి పొరపాటున తన సెలవుచీటీ మీద కూడా అలాగే రాసుకుని, చర్చ తేలక, జ్వరంతోనే ఆఫీసుకొచ్చారు.) ఆ రోజు కూడా చర్చించమన్నారు. చర్చిస్తుండగా అటెండరు గుమ్మంలోంచి తల లోపలికి పెట్టాడు.

"మా వదిన ఉంది కద సార్. వీధి చివర రిపేరు షాపు మా వదినదే. ఇంతకంటే ముసలివాటికి కూడా కొత్త సిస్టమ్ ఎక్కించేస్తుంది."

వదిన వచ్చింది. జడముడిలో స్క్రూడ్రైవర్ దోపుకుని ఉంది. తాతగారి పక్క రేకు విప్పి, ఉఫ్ అని ఊది, ఆ దుమ్మంతా మా మొహాల మీదకి పంపించి, లోపలికి తొంగి చూసింది.

"ఈయనకేం రోగం సార్? గుండ్రాయిలా ఉన్నాడు. ఎక్కించేటప్పుడు అది వయసడుగుతుంది, ఏదో చిప్ ఉందా అని అడుగుతుంది. నా పెన్‌డ్రైవ్ పెడితే ఆ రెండు ప్రశ్నలూ అడగదు. అంతే తేడా. ఒక పూట పని."

ఆఫీసరుగారు కుర్చీలో నిటారుగా అయ్యారు. "అంటే, వయసు దాచిపెట్టమంటావా అమ్మా?"

"దాచడం కాదు సార్. అడగనివ్వకపోవడం."

"అస్సలు కుదరదు! ఇది వయసులు నమోదు చేసే ఆఫీసు. ఇక్కడ ఎవరి వయసైనా తప్పుగా ఉండాలంటే దానికో పద్ధతుంది."

ఆ పద్ధతి నాకు కంఠతా వచ్చు. దాన్ని వయసు సవరణ అంటారు. దరఖాస్తు, అఫిడవిట్, పుట్టినప్పుడు దగ్గరుండి చూసిన ఇద్దరు సాక్షులు, అభ్యంతరాలు తెలపడానికి ఏడు రోజుల నోటీసు. ఇవన్నీ ఉంటే మా ఆఫీసులో వయసు అనేది చాలా మెత్తని పదార్థం. కంప్యూటర్‌కి ఈ పద్ధతి వర్తించదని ఏ నిబంధనలోనూ లేదు. వర్తించదని లేనిదల్లా వర్తిస్తుందని మా ఆఫీసరుగారు తీర్మానించారు. ఆయన తీర్మానించగా చూడటం నాకదే మొదలు. ఆయనకీ అదే మొదలు కాబట్టి మంచినీళ్ళు తాగారు.

దరఖాస్తు నేనే నింపాను. పేరు: తాతగారు. (అసలు పేరు సీరియల్ నంబరు, అది గళ్ళలో పట్టలేదు.) తండ్రి పేరు: తెలియదు. తల్లి పేరు దగ్గర ఆగితే వదిన "మదర్‌బోర్డు అని రాయండి అన్నయ్యగారూ" అంది. ఎవరూ నవ్వలేదు. అదే రాశాం. పుట్టిన స్థలం: అట్టపెట్టె. పుట్టుమచ్చలు: ఎడమ పక్క టీ మరక ఒకటి. సాక్షులుగా నేనూ అటెండరూ నిలబడ్డాం. ఆ పెట్టెని భుజాన మోసుకొచ్చిందీ, తాడు కోసిందీ అటెండరే కాబట్టి, పురుడు పోసినవాడిగా అతని సాక్ష్యానికి ఎక్కువ విలువ ఇచ్చారు. ఈ కంప్యూటర్ ఐదేళ్ళ కిందట నా కళ్ళముందే పుట్టిందని నేను ప్రమాణపూర్వకంగా రాసిచ్చాను. ఇంత పచ్చి అబద్ధం ఇంత నీతిగా నా జన్మలో చెప్పలేదు.

మంగళవారం నోటీసు అంటించాం. లైబ్రరీ ఆవిడ మళ్ళీ వచ్చింది, గోడ దగ్గర నిలబడి నోటీసు మొత్తం చదివింది. చదివి నా కిటికీ దగ్గరకొచ్చింది.

"ఏడు రోజులంటే శుక్రవారం దాటిపోతుంది కద సార్?"

నేను గుడ్డ తీసుకుని తాతగారి తెర తుడవడం మొదలుపెట్టాను.

"కొత్తగా పర్మనెంటు వాళ్ళు వచ్చినప్పుడల్లా, ఏ పుస్తకం ఏ బీరువాలో ఉంటుందో నేనే నేర్పిస్తాను సార్. నేర్చుకున్నాక వాళ్ళే నాకు పని చెప్తారు. ఈ ఒక్కసారి... ఎలాగైనా చూడండి."

ఫిర్యాదులా చెప్పి ఉంటే నేనూ గట్టిగా ఏదో ఒకటి అనేసేవాణ్ణి. ఎవరి సంగతో చెబుతున్నట్టు మెల్లగా చెప్పింది. నాకు మనసంతా ఎలాగో అయిపోయింది. లేచి ఆఫీసరుగారి గదికి వెళ్ళి, మొదటిసారి ఆయన ముందు గొంతు పెంచాను. ఆయన కాసేపు నా గొంతు వంక చూసి, నోటీసు తెప్పించి, దాని మీద పోయిన వారం తేదీ వేశారు. (గతం మీద మా కార్యాలయానికి సర్వాధికారాలూ ఉన్నాయి. భవిష్యత్తు మాత్రం మా పరిధిలోకి రాదు.)

అంతా సవ్యంగా నడిచేదే. బుధవారం నోటీసుకి ఒక అభ్యంతరం వచ్చింది. మా కార్యాలయ చరిత్రలో నోటీసు చదివి అభ్యంతరం తెలిపిన మొదటి పౌరుడు రెండో కిటికీలో కూర్చునే మరణాల గుమస్తా. అతనూ నేనూ మాట్లాడుకోక చాలా కాలమైంది. ఫ్యాను నా కిటికీ మీద ఉండటమే కారణం.

"మీ తాతగారికి ఐదేళ్ళే అయితే మా కంప్యూటర్‌కి ఆరేళ్ళు. అంటే మాదే సీనియర్. సీనియర్‌ని ఉక్కలో పెట్టి జూనియర్‌ని ఫ్యాను కింద కూర్చోబెడతారా? ఇదేం న్యాయం సార్?" అన్నాడు ఆఫీసరుగారితో.

నిబంధనల ప్రకారం అతను చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఆఫీసరుగారు చర్చించమన్నారు. గురువారం సాయంత్రం దాకా చర్చించాం. చివరికి ఫ్యానుని రెండో కిటికీ మీదకి మార్చారు. బదులుగా వాళ్ళ క్యాలెండర్ మాకిచ్చారు. అది పోయిన సంవత్సరానిది.

శుక్రవారం పొద్దున్న, తాతగారు చట్టప్రకారం ఐదేళ్ళవారై, వదిన ముందు కూర్చున్నారు. వదిన పెన్‌డ్రైవ్ పెట్టింది. అది వయసు అడగలేదు. చిప్ ఊసెత్తలేదు. ‘స్వాగతం’ అంది. తెర మీద ఒక చక్రం తిరగడం మొదలైంది, కింద శాతం కనపడసాగింది.

వరస అంతా కిటికీ మీదకి ఒరిగింది. నలభైకి చేరగానే అటెండరు చేతులు పిసుక్కోవడం మొదలుపెట్టాడు. అరవైకి ఆఫీసరుగారు గదిలోంచి బయటికొచ్చారు. డెబ్బై నాలుగు దగ్గర ఆగింది. ఆగిందంటే ఆగింది, భోజనాల వేళ దాటినా కదల్లేదు.

"ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యి నాయనా" అంది వరసలో ఉన్న ఒక పెద్దావిడ.

"వెనకాల వైరు వదులైందేమో, కాస్త నొక్కండి" అన్నాడు మనవరాలి సర్టిఫికెట్‌కని వచ్చిన బస్సు డ్రైవరు.

"ఎవరూ చెయ్యి పెట్టొద్దు" అంది వదిన. "పదకొండేళ్ళ సామాను సర్దుకోవద్దా? మీరైతే ఇల్లు మారడానికి ఎన్ని రోజులు తీసుకుంటారు?"

లైబ్రరీ ఆవిడ గోడ గడియారం వంక చూడటం మానేసింది. తెర వంక కూడా చూడటం లేదు. తన చెప్పుల వంక చూసుకుంటోంది.

అప్పుడు ఒక్కసారిగా డెబ్బై నాలుగు వందైంది. తెర ఆరిపోయింది. నిట్టూర్పు లేదు, గొంతు సవరింపు లేదు, టక్కున వెలిగింది. నా టీ ఇంకా గ్లాసులో పడనేలేదు. తాతగారు కుర్రాడైపోయారు. చప్పట్లు మోగాయి. మరణాల గుమస్తా కూడా కొట్టాడు, ఫ్యాను కింద కూర్చునే. ఆఫీసరుగారు తాతగారి మీద చెయ్యివేసి ఫోటో దిగారు.

"రామ్మా, ముందు నీదే" అన్నాను. నాలుగున్నర కావస్తోంది. ఆవిడ పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ కొట్టాను. తాతగారు రెప్పపాటులో జవాబిచ్చారు.

‘ఈ రికార్డు అర్హత కలిగినది కాదు. దయచేసి కొత్త పుట్టుకతో ప్రయత్నించండి.’

సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. ఆ పాట మొత్తం నిలబడే విన్నాను.

"కరెక్టే సార్" అంది అదే కుర్ర గొంతు. "కొత్త సిస్టమ్‌లో నమోదైన పుట్టుకలకే సర్టిఫికెట్ వస్తుంది. అంటే ఇకమీదట పుట్టేవాళ్ళకి."

"మరి ఇప్పటికే పుట్టేసినవాళ్ళో?"

"వాళ్ళకి సపోర్ట్ ఆపేశారు సార్. అలాగని వాళ్ళు పనిచెయ్యడం ఆగిపోదు. కానీ ఏదైనా అయితే బాధ్యత వాళ్ళదే."

కొత్త సిస్టమ్ లెక్కలో అర్హులైన పౌరులెవరూ ఇంకా పుట్టలేదన్న సంగతి వరసలో ఉన్నవాళ్ళకి వివరించాను. జనం ఎంతో క్రమశిక్షణతో గోల చేశారు.

లైబ్రరీ ఆవిడ మాత్రం వదిన వైపు తిరిగింది. "వదినా, ఆ పెన్‌డ్రైవ్ నాకూ ఒకసారి పెడతారా? నా వయసు కూడా అడగదేమో."

అందరం నవ్వాం. ఆవిడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. వదిన పెన్‌డ్రైవ్‌ని చేతిలో అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయింది.

ఆఫీసరుగారు కరిగిపోయారు. "బాధపడకమ్మా. మీకు కూడా వయసు సవరణ చేయిద్దాం. ఇవాళ పుట్టినట్టు రాస్తే సిస్టమ్ తీసుకుంటుంది. వయసు దాటిపోతుందన్న బెంగ కూడా ఉండదు."

"ఇవాళ పుట్టినదానికి ఉద్యోగం ఎవరిస్తారు సార్?"

"అది వేరే శాఖ" అన్నారాయన ఎంతో జాలిగా.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఒక రేకు డబ్బాకి వారం రోజులు ఊడిగం చేశాం. దానికి తల్లిని వెతికాం, మంత్రసానిని వెతికాం, దాని కోసం గడిచిపోయిన రోజులు వెనక్కి తిప్పాం, నా ఫ్యాను ధారపోశాం. ఈవిడ పుట్టిన సంగతి ఇనప బీరువాలో, రిజిస్టరులో, ఇంకు కూడా వెలవకుండా ఉంది. సొరుగు లాగాను. రద్దైన ధ్రువపత్రాల పుస్తకం అడుగున అలాగే ఉంది. రిజిస్టరు తీసి, చూసి, చేత్తో రాశాను. సంతకం పెట్టాను. స్టాంపు వేశాను. అందులో మా కార్యాలయం పేరు సగమే పడింది, ఎప్పుడూ అంతే. ఈ కార్యక్రమం జరుగుతున్నంతసేపూ ఆఫీసరుగారు అటు తిరిగి పోయిన సంవత్సరం క్యాలెండర్‌ని పరిశీలించారు. చూడకపోవడంలో ఆయనకి దీర్ఘకాల అనుభవం ఉంది.

"పరిగెత్తమ్మా" అన్నాను.

మరణాల గుమస్తా ఫ్యాను కిందనుంచి లేచాడు. "పరిగెత్తితే అందదు. బండి మీద దింపుతా, పదమ్మా" అని తాళాలు తీశాడు. నా వంక చూడకుండానే చూశాడు.

అందింది. చేత్తో రాసిన పత్రాలు తీసుకోవద్దని ఆ ఆఫీసుకి కూడా ఉత్తర్వు వెళ్ళిందట. కానీ అది వాళ్ళ కంప్యూటర్‌లో ఉంది, ఆ కంప్యూటర్ అర్హత లేనిది కావడంతో సోమవారం నుంచి తెరుచుకోలేదు. అందుకని వాళ్ళు కాగితం చూసి, మనిషిని చూసి, రెండూ నిజమేనని నమ్మి తీసుకున్నారు. ఇంత అనాగరికమైన పద్ధతిలో పని జరగడం విని నాకు చాలా సంతోషం కలిగింది. ఆ తర్వాతి సోమవారం లైబ్రరీ ఆవిడ కిటికీ దగ్గరకొచ్చి, "అప్లికేషన్ తీసుకున్నారు అన్నయ్యా, పరీక్షకి చదువుతున్నా" అంది. సార్‌లోంచి అన్నయ్యలోకి వచ్చాను. నాకు జరిగిన అప్‌గ్రేడ్ అదొక్కటే.

కొత్త సిస్టమ్ వారానికోసారి ఒక ప్రశ్న వేస్తుంది: ‘చేత్తో రాసిన పత్రాలేమైనా ఇచ్చారా?’ వయసుల ఆఫీసులో పనిచేసేవాణ్ణి, ఉన్నది ఉన్నట్టు ‘ఒకటి’ అని కొట్టాను.

మంగళవారం మండలి నుంచి రెండు కాగితాలు వచ్చాయి. మొదటిది ప్రశంసాపత్రం. ఐదేళ్ళ చిరుప్రాయంలోనే కొత్త సిస్టమ్‌ని జీర్ణించుకున్నందుకు తాతగారికి, ఆయనతో ఫోటో దిగినందుకు ఆఫీసరుగారికి. రెండోది నాకు మెమో. సపోర్ట్ లేని మనిషికి, సపోర్ట్ లేని పద్ధతిలో ధ్రువపత్రం ఎందుకు ఇవ్వవలసి వచ్చిందో సంజాయిషీ ఇవ్వాలి. నేను ప్రమాణం చేసి చెప్పిన అబద్ధానికి దండ వేశారు, రిజిస్టరు చూసి రాసిన నిజానికి మెమో ఇచ్చారు. కొత్త సిస్టమ్‌లో మా కార్యాలయం నుంచి ముద్రణ అయిన మొదటి రెండు పత్రాలూ ఇవే. ముద్రించింది తాతగారే. అక్షరాలు చాలా స్పష్టంగా వచ్చాయి.

సంజాయిషీ చేత్తో రాస్తే చెల్లదు, కొత్త సిస్టమ్‌లోనే దాఖలు చేయాలి. ఫ్యాను లేని కిటికీలో చెమటలు తుడుచుకుంటూ కూర్చుని, నా పేరు కొట్టాను, ఉద్యోగి సంఖ్య కొట్టాను, నేను పుట్టిన సంవత్సరం కొట్టాను. తాతగారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

‘ఈ ఉద్యోగి అర్హత కలిగినవారు కారు. దయచేసి కొత్త ఉద్యోగితో ప్రయత్నించండి.’